గాలికి ఎగరని కప్పు



ఈ రోజు మాట ఇంటి కప్పు గురించి. తలమీద ఉండేది కప్పు. కానీ దాని గురించి ఎవరూ తల పైకెత్తి చూడరు. వాన కురిసి నీళ్లు కారితేనే చూస్తారు. గాలికి ఎగిరిపోయాక చూద్దామంటే అక్కడ ఆకాశమే కనిపిస్తుంది.

విశాఖపట్నం వాళ్లకు 2014 అక్టోబరు 12 బాగా గుర్తు. అది ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఆ పట్టణం దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. చెట్లు కూకటివేళ్లతో పడ్డాయి. కరెంటు స్తంభాలు వంగిపోయాయి. రేకులు కాగితాల్లా ఎగిరాయి. విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. అది పెద్ద పెద్ద ఇంజనీర్లు కట్టిన కప్పు. మరి కొండవాలు మీద ఇటుక గోడ పెట్టి, నాలుగు రేకులు వేసుకున్న ఇల్లు ఎంత?

ఆ రోజు నడుమ కాసేపు గాలి తగ్గింది. తుపాను అయిపోయిందని కొందరు అనుకున్నారు. అది అయిపోవడం కాదు. తుపాను నడిమి భాగాన్ని తుపాను కన్ను అంటారు. ఆ కన్ను పైనుంచి పోయేటప్పుడు గాలి నెమ్మదిస్తుంది. తర్వాత మళ్లీ గాలి కొడుతుంది. ఈసారి ఎదురు వైపు నుంచి కొడుతుంది. మొదటి గాలికి వదులైన రేకు రెండో గాలికి లేచిపోతుంది.

తుపాను వెళ్లాక ఏం చేస్తారు? అప్పు తెస్తారు. డ్వాక్రా సంఘంలో తీసుకుంటారు. మెడలోది తాకట్టు పెడతారు. రేకులు కొంటారు. మేస్త్రిని బతిమాలి తెస్తారు. ఒక్క రోజులో కప్పు పడుతుంది. ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

కానీ ఒక్క మాట అడగాలి. రేకు కొత్తది. దాన్ని పట్టి ఉంచే కట్టు కొత్తదా?

చాలా ఇళ్లలో కట్టు పాత తీరుదే. అప్పుడు నాలుగు బోల్టులు. ఇప్పుడూ నాలుగు బోల్టులు. అప్పుడు గోడ మీద ఊరికే ఆనించిన పైపు. ఇప్పుడూ ఊరికే ఆనించిన పైపు. అంటే కొన్నది కొత్త కప్పు కాదు. పాత కప్పే, కొత్త ధరకు కొన్నారు. రేకులు లేచిపోయిన చోట ఎక్కువగా ఓడిపోయింది రేకు కాదు. దాన్ని పట్టుకున్న బోల్టు, ఆ బోల్టు పట్టుకున్న పైపు. ఈ సంగతి తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

గాలి కప్పును ఎలా లేపుతుంది?

గాలి కప్పును నెడుతుంది అనుకుంటారు. నిజానికి పైకి లాగుతుంది. కావాలంటే ఇంట్లో చేసి చూడండి. నోటు పుస్తకంలోంచి సన్నగా, పొడుగ్గా ఒక కాగితం ముక్క చింపండి. ఒక కొసను కింది పెదవికి ఆనించి పట్టుకోండి. రెండో కొస కిందికి వేలాడుతుంది. ఇప్పుడు కాగితం మీదుగా గట్టిగా ఊదండి. వేలాడే కాగితం పైకి లేస్తుంది. ఊదింది పైన. కాగితం లేచింది పైకే. కప్పు మీదుగా పోయే గాలి చేసే పని ఇదే.

రెండో సంగతి. గాలి వచ్చే వైపు తలుపో, కిటికీ రెక్కో ఊడిపోతుంది. గాలి ఇంట్లో దూరుతుంది. బయటికి పోయే దారి ఉండదు. కప్పును లోపలి నుంచి పైకి తోస్తుంది. గాలిలో గొడుగు పట్టుకున్న వాళ్లకు ఇది తెలుసు. గొడుగులో గాలి దూరితే చేతిలోంచి లాక్కుపోతుంది. లేకపోతే తిరగబడుతుంది. పైనుంచి లాగేది ఒకటి, లోపలి నుంచి తోసేది ఒకటి. రెండూ కలిస్తే రేకు నిలవదు.

మూడో సంగతి. కప్పు అంతటా గాలి ఒకేలా లాగదు. అంచుల దగ్గర, చూరు దగ్గర, నాలుగు మూలల దగ్గర ఎక్కువ లాగుతుంది. అందుకే ముందు మూల రేకు లేస్తుంది. దాని వెనక పక్క రేకు. తర్వాత వరసంతా పోతుంది. చీర అంచు ఒక చోట చిరిగితే చిరుగు ఎలా పోతుందో అలాగ.

ఆ లాగుడు ఎంత ఉంటుంది? లెక్క చూద్దాం. ఒక రేకు పది అడుగుల పొడవు. మూడున్నర అడుగుల వెడల్పు. పలుచటి ఇనప రేకు అయితే బరువు పదిహేను, ఇరవై కిలోలు. గంటకు 180 కిలోమీటర్ల గాలి ఆ ఒక్క రేకును సుమారు 400 కిలోల బలంతో పైకి లాగగలదు. అంటే యాభై కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది. మూల రేకు అయితే ఇంకా ఎక్కువ.

చాలామంది రేకుల మీద రాళ్లు పెడతారు. ఇసుక మూటలు పెడతారు. పాత టైర్లు పెడతారు. మామూలు గాలికి అవి పని చేస్తాయి. ఎనిమిది బస్తాల లాగుడుకు మూడు రాళ్లు ఏం ఆగుతాయి? పైగా రేకు లేచినప్పుడు ఆ రాయి కింద పడుతుంది. ఇంట్లో పడుకున్న పిల్లల మీద పడవచ్చు. పక్కింటి వాళ్ల మీద పడవచ్చు. ఇంటి మీద పెట్టిన రాయి ఇంట్లో వాళ్లకే శత్రువు అవుతుంది.

"మా ఇల్లు ఎన్ని గాలివానలు చూడలేదు! ఇన్నేళ్లూ నిలిచింది కదా" అనేవాళ్లు ఉంటారు. అదీ ఆలోచించాలి. గాలి వేగం రెండింతలు అయితే లాగుడు రెండింతలు కాదు. నాలుగింతలు అవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి రేకు మీద 100 కిలోల లాగుడు ఉంటే, 180 కిలోమీటర్ల గాలికి 400 కిలోలు. చిన్న గాలులకు నిలిచిన ఇల్లు పెద్ద గాలికి నిలుస్తుందని నమ్మడానికి లేదు.

ఇక కట్టు సంగతి. బావిలో చేద వేస్తే తాడు గట్టిగా ఉండాలి. ముడి గట్టిగా ఉండాలి. గిలక గట్టిగా ఉండాలి. ఒక్కటి తెగినా చేద నీళ్లలోకి పోతుంది. కప్పు కూడా అంతే. రేకును బోల్టు పట్టుకోవాలి. బోల్టును అడ్డ పైపు పట్టుకోవాలి. అడ్డ పైపును గోడ పట్టుకోవాలి. గోడను పునాది పట్టుకోవాలి. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ తెగుతుంది. మిగతాదంతా ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

ముందు బోల్టులు. పది అడుగులకు పద్నాలుగు అడుగుల గది అనుకోండి. దానికి 5 రేకులు పడతాయి. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కాలి కదా, అందుకని 5. రేకుల కింద 4 అడ్డ పైపులు. చాలా చోట్ల రేకుకు 4 బోల్టులు వేసి వదిలేస్తారు. పైన రెండు, కింద రెండు. మొత్తం 20 బోల్టులు. నడుమ పైపులు రెండూ ఊరికే ఉంటాయి. రేకు వాటి మీద పడుకుని ఉంటుంది, అంతే.

ఇప్పుడు 400 కిలోలను 4 బోల్టులకు పంచండి. ఒక్కో బోల్టుకు 100 కిలోలు. పలుచటి రేకు అంత తట్టుకోదు. బోల్టు అక్కడే ఉంటుంది. రేకు బోల్టు చుట్టూ చిరిగి లేచిపోతుంది. తుపాను తర్వాత పైపుల మీద బోల్టులు మిగిలి, వాటి చుట్టూ రేకు ముక్కలు మిగిలి ఉన్నాయంటే జరిగింది అదే.

అదే రేకుకు ప్రతి పైపు దగ్గరా 3 బోల్టులు వేస్తే? 4 పైపులు. 3 నాలుగులు 12. 400 కిలోలను 12 బోల్టులకు పంచితే ఒక్కోదానికి 33 కిలోలు. నలుగురు మోసే బరువును పన్నెండు మంది మోస్తారు. 5 రేకులకు 60 బోల్టులు కావాలి. మూలల్లో, చూరు వెంట ఇంకా దగ్గర దగ్గరగా వెయ్యాలి. కాబట్టి 75 కొనుక్కోవాలి. రేకుల ఖర్చు ముందు బోల్టుల ఖర్చు ఎంత? అయిదు రేకుల డబ్బు అప్పు తెచ్చి, గుప్పెడు బోల్టుల దగ్గర పీనాసితనం చెయ్యకూడదు.

ఇక్కడ ఆడవాళ్ల పని ఉంది. రేకులు వేసే రోజు ఇంటాయన కూలికి పోతాడు, వేటకు పోతాడు. ఇంటి దగ్గర ఉండేది ఇల్లాలే. మేస్త్రికి టీ ఇచ్చేదీ ఆమే. కానీ కప్పు వైపు చూడదు. "అది మగవాళ్ల పని, మనకేం తెలుసు" అనుకుంటుంది. బోల్టులు లెక్కపెట్టడానికి ఏం తెలియాలి? అరవై దాకా లెక్క వస్తే చాలు.

ఒక ఇల్లాలు అలా లెక్కపెట్టింది అనుకోండి. మేస్త్రి ఏమంటాడు?

"ఇన్ని ఎందుకమ్మా? ఈ వీధిలో అందరికీ నాలుగేసే వేశాను."

"ఈ వీధిలో అందరి కప్పులూ ఎగిరిపోయాయి కదా, మేస్త్రీ!"

"రేకుకు ఇన్ని బొక్కలు పెడితే కారతాదమ్మా."

"బొక్క ఎత్తు మీద పెట్టు బాబూ. బిళ్ల వేసి బిగించు. ఎందుకు కారుతుంది?"

ఆ మేస్త్రి చెడ్డవాడేమీ కాదు. త్వరగా పని ముగించుకుని ఇంకో ఇంటికి పోవాలి. అతనికీ కడుపు ఉంది. పని పెరిగితే కూలి పెంచి అడుగుతాడు. అడిగితే ఇవ్వాలి. అర పూట కూలి ఎక్కువ అవుతుంది. బేరం ముందే మాట్లాడుకోవాలి. "రేకుకు పన్నెండు బోల్టులు" అని ముందే చెప్పాలి. పని సగం అయ్యాక చెబితే గొడవ అవుతుంది.

బొక్క ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. రేకు మీద అలలు ఉంటాయి. అలకు ఎత్తు ఉంటుంది, పల్లం ఉంటుంది. జె బోల్టు వేసేటప్పుడు బొక్క ఎత్తు మీదే పెట్టాలి. వాన నీళ్లు పల్లంలో పారతాయి. పల్లంలో బొక్క పెడితే నీళ్లు కారక మానవు. జె బోల్టు అంటే ఏమిటి? గేలంలాగా కొస వంకీ తిరిగి ఉంటుంది. ఆ వంకీ అడ్డ పైపును కింది నుంచి పట్టుకుంటుంది. పైన మర బిగిస్తారు. మర కింద బిళ్ల ఉండాలి. దాన్ని వాషరు అంటారు. ఇనప బిళ్ల ఒకటి, దాని కింద తారు బిళ్లో, రబ్బరు బిళ్లో ఒకటి. బిళ్ల లేని బోల్టు రేకును కోసేస్తుంది. నీళ్లూ కారుతుంది.

ఈమధ్య రంగు రేకులు వస్తున్నాయి. వాటికి స్క్రూలు వేస్తారు. మిషనుతో చకచకా దించేస్తారు. స్క్రూకి కూడా రబ్బరు బిళ్ల ఉండాలి. స్క్రూ వంకరగా దిగితే బిళ్ల ఒక పక్కే ఆనుతుంది. మరీ బిగిస్తే రబ్బరు నలిగి పగులుతుంది. అలా పోయిన స్క్రూని తీసి కొత్తది వేయించాలి. కర్ర బాదులకు మేకులు కొట్టి రేకులు నిలబెట్టే వాళ్లు ఉన్నారు. నున్నని మేకు గాలికి నిలవదు. గాలి రేకును ఊపుతూ ఉంటే కొంచెం కొంచెంగా పైకి వచ్చేస్తుంది. సర్వి బాదులు వాడినా బోల్టులే వెయ్యాలి.

సముద్రం దగ్గర ఇంకో బాధ ఉంది. ఉప్పు గాలి. జాలరిపేటలో వేసిన బోల్టు, లోపలి ఊళ్లో వేసిన బోల్టు ఒకేలా ఉండవు. సముద్రం ఒడ్డున తొందరగా తుప్పు తినేస్తుంది. జింకు పూత ఉన్న బోల్టులు అడిగి కొనాలి. పైపులు వెల్డింగు చేసిన చోట పూత కాలిపోతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డరు వెళ్లిపోక ముందే ఆ అతుకులకు రెడాక్సైడు పూయించాలి. ఇది చిన్న పని. కానీ చాలామంది మరిచిపోతారు.

బోల్టుల తర్వాత గోడ. ఇక్కడే చాలా ఇళ్లు మోసపోతాయి. అడ్డ పైపు కొసను గోడ మీద పెడతారు. రెండు ఇటుకలు, కొంచెం సిమెంటు పెట్టి మూసేస్తారు. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. కానీ ఆ పైపును కిందికి పట్టి ఉంచేది ఏముంది? రెండు ఇటుకల బరువు. గాలి లాగితే ఇటుకలతో సహా పైపు లేస్తుంది. అప్పుడు రేకుకు అరవై బోల్టులు వేసినా ఏం లాభం? కప్పు మొత్తం ఒక్క ముక్కగా ఎగురుతుంది.

కొత్తగా గోడ కట్టేవాళ్లు గోడ పైన చుట్టూ కాంక్రీటు బెల్టు వేయించుకోవాలి. బెల్టు పోసేటప్పుడే పైపులు వచ్చే చోట ఇనప కమ్మీలు నిలబెట్టాలి. ఆ కమ్మీలు బెల్టులోని ఇనుముకు కట్టి ఉండాలి. తర్వాత ఆ కమ్మీలకు పైపును బిగించాలి. అప్పుడు పైపు లేవాలంటే బెల్టు లేవాలి. బెల్టు లేవాలంటే గోడంతా లేవాలి.

గోడ ఇప్పటికే ఉంటే? పడగొట్టక్కర్లేదు. దర్వాజాల మీద, కిటికీల మీద కాంక్రీటు లింటెలు ఉంటుంది. ఇనప పట్టీ ఒకటి పైపును చుట్టి, గోడ వెంట కిందికి దిగి, ఆ లింటెలుకు బోల్టుతో బిగిసేటట్టు చేయించాలి. గోడకు రెండు వైపులా పట్టీ దించి కలిపి బిగిస్తే ఇంకా మంచిది. ఇది వెల్డరు, మేస్త్రి ఇద్దరూ కలిసి చేసే పని. ఒక గదికి ఒక రోజు పని. అప్పు డబ్బు చాలక ఏదో ఒకటి తగ్గించాలి అంటే, రంగు తగ్గించండి. కొత్త గ్రిల్లు తగ్గించండి. పట్టీలు తగ్గించవద్దు.

చూరు సంగతి. ఎండకు, వానకు చూరు పొడుగ్గా ఉంటే బాగుంటుంది. చూరు కింద పొయ్యి పెట్టుకోవచ్చు. కూర్చుని చేపలు శుభ్రం చేసుకోవచ్చు. కానీ గాలికి పట్టు దొరికేది చూరు దగ్గరే. గోడ దాటి ఒకటిన్నర అడుగు మించకుండా ఉండాలి. నీడ కావాలంటే పంచను వేరే కప్పుగా వేసుకోవాలి. అప్పుడు పెద్ద గాలికి పంచ పోయినా ఇల్లు నిలుస్తుంది.

వాలు సంగతి. పట్టణంలో ఎక్కువ ఇళ్లకు ఒంటి వాలు రేకులు. అదీ బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి కప్పును గాలి ఎక్కువ లాగుతుంది. పది అడుగుల అడ్డానికి నాలుగు అడుగుల నుంచి అయిదున్నర అడుగుల దాకా ఎత్తు ఉన్న వాలు మంచిది. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు ఇంకా మంచిది. పాత కాలం పెంకుటిళ్లు కొన్ని అలాగే ఉండేవి. ఇరుకు స్థలంలో, కొండ మీద ఇది అందరి వల్లా కాదు. వాలు మార్చలేని వాళ్లు బోల్టులు, పట్టీలు పెంచుకోవాలి. వేరే దారి లేదు.

కప్పు మొత్తం మార్చాలా? అతుకు వేస్తే చాలా? ఇది డబ్బుతో పని కాబట్టి నిదానంగా చూసుకోవాలి.

మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసేయండి. ఇల్లు చీకటి చేయండి. పైకి చూడండి. ఎక్కడెక్కడ వెలుగు చుక్కలు కనిపిస్తున్నాయో చూడండి. ఒకటి రెండు చోట్ల కనిపిస్తే బిళ్ల పోయి ఉంటుంది. బోల్టు, బిళ్ల మారిస్తే సరిపోతుంది. రేకు నిండా పిండి జల్లెడలా చుక్కలు కనిపిస్తే ఆ రేకు అయిపోయింది. దానికి తారు పూసి లాభం లేదు. బోల్టుల చుట్టూ తుప్పు తిని బొక్క పెద్దదైతే ఆ రేకును గాలి సులువుగా లాగేస్తుంది. సిమెంటు రేకు అయితే బోల్టు దగ్గర నుంచి పోయే సన్న బీట చూడాలి. బీట ఉన్న రేకు మార్చాలి.

వాన కురిసే రోజు నీళ్లు కారే చోట గోడ మీద సుద్దతో గీత పెట్టండి. పక్కన తేదీ రాయండి. మళ్లీ వానకు మళ్లీ చూడండి. నీళ్లు కారే చోటే బొక్క ఉంటుందని లేదు. పైపు వెంట పారి వచ్చి దూరంగా కారతాయి. గీతలు నాలుగు పడితే మేస్త్రికి చూపించవచ్చు. అతను ఊహించక్కర్లేదు.

పైపులు కూడా చూడాలి. పైపు కొస గోడలో కలిసే చోట సుత్తితో మెల్లగా కొట్టండి. పొట్టు రాలితే లోపల తిని ఉంది. అలాంటి పైపు మీద కొత్త రేకులు వేస్తే డబ్బు గాలికి పోసినట్టే.

సిమెంటు రేకుల గురించి ఒక భయపెట్టే మాట చెప్పక తప్పదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ అనే నార ఉంటుంది. రేకు ఊరికే ఉంటే అంత ప్రమాదం లేదు. కోసినా, పగలగొట్టినా ఆ నార దుమ్ముగా లేస్తుంది. కంటికి కనిపించదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎన్నో ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. క్యాన్సరు కూడా వస్తుంది. తుపాను తర్వాత వీధుల నిండా ఆ ముక్కలే ఉంటాయి. ఊడ్చేది ఎవరు? ఆడవాళ్లే.

కాబట్టి పొడి చీపురుతో ఊడ్చవద్దు. ముందు నీళ్లు చల్లండి. తడిపి, ముక్కలు చేత్తో తీసి గోనె సంచిలో పెట్టి మూతి కట్టండి. ఆ ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చెయ్యవద్దు. వాకిట్లో పరిచి తొక్కించవద్దు. పిల్లల్ని వాటితో ఆడుకోనివ్వవద్దు. రేకు కొయ్యాల్సి వస్తే తడిపి, చేతి రంపంతో కోయించండి. మిషను రంపం వద్దు. ఆ పని ఇంటికి దూరంగా, పిల్లలు లేని చోట జరగాలి.

ఆ రేకు మీద కాలు పెట్టడం ఇంకా ప్రమాదం. చూడ్డానికి గట్టిగా ఉంటుంది. పైపు లేని చోట కాలు వేస్తే పగిలి మనిషి కింద పడతాడు. తుపానుకు బతికిన మనిషి, మర్నాడు కప్పు సర్దుతూ పడి ప్రాణం పోగొట్టుకోవడం కంటే ఘోరం ఉందా? పైకి ఎక్కేవాళ్లు పైపుల మీద బల్ల చెక్క వేసుకుని దాని మీదే నడవాలి. ఒక్కరే ఎక్కకూడదు. తడి ఆరకుండా ఎక్కకూడదు.

తాటాకు ఇళ్ల వాళ్లకు మంచి సాధనం చేతిలోనే ఉంది. వల. తుపాను వస్తుందంటే పాత వలను కప్పు మీద పరిచి, మోకులతో కట్టాలి. మోకును చూరు కర్రకు కట్టి ఊరుకోకూడదు. భూమిలో లోతుగా దిగిన గుంజకు కట్టాలి. చూరుకు కడితే చూరుతో సహా పోతుంది. పెంకుటింటి వాళ్లు అంచుల వెంట, కప్పు వెన్ను మీద పెంకులను సిమెంటుతో పట్టించుకోవాలి. ముందు లేచేవి ఆ పెంకులే.

డాబా ఇంటి వాళ్లకు కప్పు ఎగిరే భయం లేదు. కానీ డాబా మీద రేకుల షెడ్డు వేసుకునే వాళ్లు చాలామంది. అంత ఎత్తులో గాలి ఇంకా ఎక్కువ. ఆ షెడ్డు ఎగిరితే పడేది కింద రేకుల ఇంటి మీదే. డాబా వాళ్ల నిర్లక్ష్యానికి పక్కింటి పేదరాలు నష్టపోతుంది. సంఘంలో ఈ మాట గట్టిగా అడగాలి. ఖాళీ నీళ్ల ట్యాంకును కూడా కట్టి ఉంచాలి. నింపి ఉంచితే మరీ మంచిది.

ఎన్ని కట్టుదిట్టాలు చేసినా ఒక్కటి మరవద్దు. పెద్ద తుపాను వస్తుందని చెప్పినప్పుడు రేకుల ఇంట్లో ఉండకూడదు. బోల్టులు ఇల్లు కాపాడడానికి. మనుషులు ముందే పక్కా భవనానికి వెళ్లిపోవాలి. "ఇంట్లో సామాను ఎవరు చూస్తారు?" అని ముసలివాళ్లు ఉండిపోతారు. వాళ్లను బుజ్జగించి తీసుకుపోవాలి. రేషను కార్డు, ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తీసుకెళ్లాలి. వెళ్లే ముందు తలుపులు, కిటికీలు గట్టిగా బిగించాలి. కిటికీ గడియ ఊడి ఉంటే మోకుతో కట్టాలి. గాలి మొదలయ్యాక కప్పు సర్దడానికి ఎవరూ పైకి ఎక్కకూడదు. తుపాను నడుమ గాలి తగ్గిందని ఇంటికి పరిగెత్తకూడదు. రెండో గాలి వస్తుంది.

తిరిగి వచ్చాక ముందు కరెంటు తీగలు చూడాలి. తెగిన తీగ ఇనప రేకు మీద పడి ఉంటే ఆ ఇల్లంతా కరెంటే. గోడను, గ్రిల్లును ముట్టుకోకూడదు. 1912 నంబరుకు ఫోను చేసి కరెంటు వాళ్లకు చెప్పాలి. తర్వాత పాడైన కప్పును సర్దక ముందే ఫోటో తీయించాలి. లోపల ఒకటి, బయట ఒకటి. ఫోనులో పిల్లలు తీస్తారు. నష్టం రాసుకునే సిబ్బంది ఎప్పుడు వస్తారో తెలియదు. అప్పటికి కప్పు వేసేసుకుంటే "మీకేం పోలేదు కదా" అంటారు. ఫోటో ఉంటే మాట ఉంటుంది.

తుపానులు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఎక్కువ. మే నెలలోనూ వస్తాయి. తుపాను వెళ్లిన వారం రేకుల కొట్టు ముందు వరస ఉంటుంది. మేస్త్రి దొరకడు. దొరికినా అడిగినంత ఇవ్వాలి. ఆ తొందరలోనే నాలుగు బోల్టుల కప్పు పడుతుంది. కాబట్టి ఎండలు ఉండగానే పని చేయించాలి. దసరాకు ఇల్లు దులుపుతారు కదా. అప్పుడు మళ్లీ ఒకసారి పైకి చూడాలి. వదులైన మరలు బిగించాలి.

కొట్టుకు వెళ్లేటప్పుడు చీటీ రాసుకుని వెళ్లండి. పది అడుగులకు పద్నాలుగు అడుగుల గదికి ఇలా:

రేకులు 5
అడ్డ పైపులు 4
జె బోల్టులు 75
ఇనప బిళ్లలు 75
రబ్బరు బిళ్లలు 75
ఇనప పట్టీలు 8
రెడాక్సైడు డబ్బా 1

పట్టీలు 8 ఎందుకు? 4 పైపులు, ఒక్కో పైపుకు రెండు కొసలు. మీ గది పెద్దదైతే అంకెలు మారతాయి. కొట్టతను ఇచ్చిన రశీదును చీటీ పక్కన పెట్టి చదవండి. బోల్టులు 75 అని రాసి 50 కట్టి ఇస్తే అక్కడే లెక్కపెట్టి అడగండి. పని ముగిసిన సాయంత్రం మిగిలిన బోల్టులు కూడా లెక్కపెట్టండి. 75 లో 30 మిగిలి ఉంటే, మేస్త్రి నిచ్చెన తియ్యక ముందే ఆపండి.